డ్రై గ్లవ్స్: గాలికి దారి ఉంటేనే వెచ్చదనం

విశాఖ రుషికొండ దగ్గర స్కూబా డైవింగ్ చేసినవారికి చేతి గ్లవ్స్ సంగతే గుర్తుండదు. అక్కడి నీళ్లు అంత వెచ్చగా ఉంటాయి. అదే మనిషి ఉద్యోగం కోసం సియాటిల్ చేరి, ఊరి పక్కనే ఉన్న ప్యూజెట్ సౌండ్‌లో దిగితే పది నిమిషాల్లోనే వేళ్లు కొంకర్లు పోవడం మొదలవుతుంది. అక్కడ లోతు నీళ్లు ఏడాది పొడవునా సుమారు 8 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంటాయి. పైగా గాలి కంటే నీరు దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తుంది. అందుకే అక్కడ చాలామంది ఒంటికి నీరు తగలనివ్వని డ్రైసూట్ వేసుకుంటారు. అయితే ఆ సూట్ మణికట్టును బిగించి పట్టే సీల్ దగ్గరే ఆగిపోతుంది, చేతులు తడుస్తూనే ఉంటాయి. ఆ లోటు తీర్చేవే డ్రై గ్లవ్స్. వాటి చుట్టూ అపోహలూ తక్కువేం కాదు.

అపోహ: డ్రై గ్లవ్స్ రబ్బరే చేతులను వెచ్చగా ఉంచుతుంది.

వాస్తవం: పైన కనిపించే పీవీసీ లేదా లేటెక్స్ పొర నీటిని ఆపుతుంది, అంతే. వెచ్చదనం లోపలి ఉన్ని లేదా ఫ్లీస్ లైనర్‌ది. నిజానికి లైనర్ పోగుల మధ్య చిక్కుకున్న గాలిది. పలచటి లైనర్ వేసుకుని చలేస్తోందని గ్లవ్‌ను తిట్టుకుని లాభం లేదు. మామూలు నియోప్రీన్ గ్లవ్స్‌తో చిక్కు వేరు. వాటిలోని గాలి బుడగలు లోతుకు వెళ్లేకొద్దీ నలిగిపోతాయి. గ్లవ్ పలచబడి, చలి ఎక్కువ తెలుస్తుంది.

అపోహ: గ్లవ్ బిగించాక మణికట్టు సీల్‌తో పనిలేదు, కత్తిరించేయొచ్చు.

వాస్తవం: రేవు స్తంభాలను పట్టుకున్న బార్నకిల్స్ గుల్లలు కత్తుల్లా ఉంటాయి. అవి తగిలి గ్లవ్ చిరిగితే, సీల్ లేని సూట్‌లోకి చన్నీళ్లు చేతి మీదుగా నేరుగా పారతాయి. సీల్ ఉంటే తడిసేది ఆ ఒక్క చెయ్యే. కాబట్టి సీల్‌ను రెండో తలుపు అనుకోండి.

అపోహ: అలాగైతే సీల్ ఎంత గట్టిగా మూసుకుంటే అంత మంచిది.

వాస్తవం: ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. నీటి ఉపరితలం మీద గ్లవ్‌లో ఉన్న గాలి 10 మీటర్ల లోతులో సగమవుతుంది, 30 మీటర్లలో పావు వంతుకు కుంచించుకుపోతుంది. సూట్‌లోకైతే ఛాతీ మీది వాల్వ్ నొక్కి గాలి నింపుకుంటాం. సీల్ అడ్డుగా ఉంటే ఆ గాలి గ్లవ్ దాకా రాదు. అప్పుడు గ్లవ్ చేతికి అతుక్కుని, మడతలు చర్మాన్ని గిల్లుతాయి. లైనర్ అణిగిపోయి వెచ్చదనం మాయమవుతుంది.

ఉపాయం చిన్నదే. సీల్ కింద సన్నటి గొట్టం ముక్కనో, లావుపాటి తాడు ముక్కనో దూర్చి గాలికి సందు ఇస్తారు. దిగుతున్నప్పుడు చెయ్యి కాస్త పైకెత్తితే సూట్‌లోని గాలి గ్లవ్‌లోకి చేరుతుంది. పైకి వచ్చేటప్పుడు వ్యాకోచించిన గాలికి వెనక్కి వెళ్లే బాట కూడా అదే. అయితే గ్లవ్ చిరిగితే నీరు కూడా ఆ సందులోంచే సూట్‌లోకి మెల్లగా చేరుతుంది. అందుకే సందు గాలి ఆడేంత ఉంటే చాలు, అంతకు మించకూడదు.

అపోహ: డ్రై గ్లవ్స్ కావాలంటే కొత్త సూట్ కొనాల్సిందే.

వాస్తవం: గ్లవ్‌ను సూట్‌కు బిగించే చాలా రకాల రింగులను ఉన్న సూట్‌కే అమర్చుకోవచ్చు. కొన్ని పాత సీల్ మీదే ఎక్కుతాయి, మరికొన్నిటిని జిగురుతో అతికించాలి. ఇంకో లాభమూ ఉంది. పిడికిలి బిగించినప్పుడు మణికట్టు స్నాయువులు (టెండన్లు) లేచి, సీల్ కింద కాలువల్లాంటి సందులు ఏర్పడి నీరు ఊరుతుంది. గ్లవ్ ఉంటే ఆ బాధ తప్పుతుంది.

అపోహ: ఒకసారి సరిగ్గా బిగిస్తే ఇక కారవు.

వాస్తవం: ఆ రింగుల మధ్య నీటిని ఆపే రబ్బరు ‘ఓ-రింగ్’ మీద ఒక్క వెంట్రుక, లైనర్ నుంచి ఊడిన ఒక్క పోగు పడ్డా చాలు, నీరు లోపలికి వచ్చేస్తుంది. డైవ్‌కు ముందు ఓ-రింగ్ తుడిచి, గ్లవ్ బిగించి, బకెట్ నీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడండి. సంచిలో ఒక జత అదనంగా ఉంచుకోండి.

అపోహ: వాటితో వేళ్లు పనిచేయవు.

వాస్తవం: మొదట్లో తడబాటు ఖాయం. కానీ మొద్దుబారిన వేళ్లు అంతకంటే పనికిరావు. లోతు తక్కువ చోట వాల్వ్ నొక్కడం, క్లిప్పులు తీయడం, మాస్క్‌లో చేరిన నీళ్లు వదలడం నాలుగైదు డైవ్‌ల పాటు సాధన చేస్తే చెయ్యి అలవాటు పడుతుంది. జిప్పు, పట్టీలు అన్నీ సరిచూసుకున్నాకే గ్లవ్స్ తొడగండి. మొదటిది మీరే వేసుకోగలరు. రెండోదానికి మాత్రం కొత్తలో ఇంకో చెయ్యి కావాలి. మీతో జోడీగా దిగే డైవర్‌ను (బడ్డీని) పక్కనే ఉండమనండి.