కొత్త పద్ధతికి ముందు పది చెట్లు

మీ ఊళ్లో రైతు సంఘం ఉందా? కిందటి ఏడాది సమావేశాల్లో ఎరువుల లెక్కలు, అప్పుల వాయిదాలు కాక, కొత్త పద్ధతి గురించి ఎవరైనా నోరు విప్పారా? విప్పినా ‘ముందు నువ్వు చెయ్యి, తర్వాత చూద్దాం’ అనే జవాబే వచ్చి ఉంటుంది.

డ్రోన్లు, నాటు యంత్రాలు, కొబ్బరి చెట్టెక్కే సాధనాలు, సెల్‌ఫోన్లో సలహాలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఏది మన నేలకు పనికొస్తుందో, ఏది దండగో తేల్చుకునే తీరిక లేదు. అరెకరం కౌలుకు చేసే రైతు ప్రయోగం చేసి పంట పోగొట్టుకున్నా కౌలు కట్టక తప్పదు. ఆయన వెనకాడటంలో తప్పు లేదు. ఆ భయం తీర్చాల్సింది సంఘమే.

తెల్లదోమ నేర్పిన పాఠం

కొబ్బరిపై రూగోస్ సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో తొలిసారి 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో కనిపించింది. తర్వాత మన తోటలకూ పాకి ఆకులపై మసి కమ్మింది. ఇలాంటప్పుడు చెయ్యి పురుగుమందు డబ్బా మీదకే పోతుంది. కానీ రసాయనాలు కొడితే దోమను అదుపుచేసే మిత్ర పురుగులూ చస్తాయి.

అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వేరే దారి పట్టింది. బెంగళూరులోని జాతీయ సంస్థ ఎన్.బి.ఎ.ఐ.ఆర్. వెలికితీసిన ఐసేరియా అనే మేలుచేసే శిలీంద్రాన్ని పెంచి రైతులకు అందించింది. లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున కలిపి, సాయంత్రం పూట ఆకుల అడుగుభాగం తడిసేలా కొట్టాలి. మసి ఊడిపోవడానికి 1 శాతం గంజి ద్రావణం పిచికారీ చేయాలి.

ఒకరు కనిపెట్టారు, ఇంకొకరు పెంచారు, రైతు తన తోటలో వాడి చూశాడు. మన సంఘాల్లోనూ పని ఇలాగే పంచుకోవాలి.

మీ సంఘం ఏం చేయాలి?

* కొత్తది ఏదైనా ముందు పది చెట్లకో, పది సెంట్లకో చేసి చూడండి. పక్కనే అంతే భాగం పాత పద్ధతిలో ఉంచండి. తేడా అప్పుడే తెలుస్తుంది.

* ఆ పది సెంట్లలో నష్టం వస్తే సంఘం నిధి నుంచి ఇస్తామని ముందే తీర్మానం రాయండి. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. లాభం అందరిదీ, నష్టం ఒక్కడిదీ అయితే ఎవరూ ముందుకు రారు.

* ఖర్చు, కూలి, దిగుబడి నోటుపుస్తకంలో రాయండి. పని చెడినా రాయాలి. చెడిన సంగతి దాచకుండా చెప్పిన రైతును ఎగతాళి చేయవద్దు. ఆయన మిగతావారి డబ్బు మిగిల్చినట్టే.

* దింపు కార్మికులను, నాట్లేసే ఆడవాళ్లను సమావేశానికి పిలవండి. మొవ్వులో పురుగుందో లేదో ముందు తెలిసేది చెట్టెక్కే మనిషికే.

* డ్రోన్లు 15 వేల మహిళా సంఘాలకు ఇచ్చే పథకాన్ని కేంద్రం 2023లో ఆమోదించింది. సబ్సిడీ ఉంది కదా అని ఏ యంత్రమూ తొందరపడి కొనవద్దు. ఒక సీజను అద్దెకు తెచ్చి చూడండి. రిపేరు చేసే మనిషి, విడిభాగాలు దగ్గర్లో దొరుకుతాయో లేదో కనుక్కోండి.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు ఒక్కమాట మీద పంట విరామం పాటించారు. దేశమంతా మనవైపు చూసింది. సాగు ఆపడానికి చూపిన ఆ ఐకమత్యం సాగు బాగుచేసుకోవడానికీ అక్కరకొస్తుంది. వచ్చే సమావేశంలో ముందుగా ఒకటే అడగండి: ‘ఈసారి ఎవరి పది చెట్లు?’