కడప – హైదరాబాద్: విమానంలో ఎంత దూరం, ఎంత సేపు?



కడప నుంచి హైదరాబాద్ ఎంత దూరమని అడిగితే "నాలుగు వందల కిలోమీటర్ల పైనే" అంటాం. అది కర్నూలు మీదుగా వెళ్ళే బస్సు లెక్క. విమానం కొండలూ నదులూ చూసుకుని చుట్టు తిరగదు కనుక దాని దూరం వేరు. ఆ దూరాన్ని పదో తరగతి లెక్కలతో మనమే కనుక్కోవచ్చు.

కడప విమానాశ్రయం 14 డిగ్రీల 31 నిమిషాల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల 46 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఉంది. శంషాబాద్ విమానాశ్రయం 17 డిగ్రీల 14 నిమిషాలు, 78 డిగ్రీల 26 నిమిషాల మీద ఉంది. డిగ్రీకి 60 నిమిషాలు. అక్షాంశాల తేడా 163 నిమిషాలు. ఒక్కో నిమిషం 1.852 కి.మీ. అంటే ఉత్తరంగా 302 కి.మీ. రేఖాంశాల తేడా 20 నిమిషాలే. మన ప్రాంతంలో రేఖాంశపు నిమిషం సుమారు 1.78 కి.మీ. అంటే పడమరగా 36 కి.మీ. ఈ రెండూ లంబకోణ త్రిభుజపు భుజాలు. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం కర్ణం సుమారు 304 కి.మీ. అదే విమాన దూరం.

ఇక కాలం. ఇలాంటి దగ్గరి ఊళ్ళకు ఎక్కువగా తిరిగే ఏ.టి.ఆర్.–72 విమానం గంటకు సుమారు 500 కి.మీ. పోతుంది. భాగిస్తే 37 నిమిషాలు రావాలి. కానీ టైమ్‌టేబుల్‌లో సుమారు గంట వేస్తారు. ఎందుకు? విమానం నిలిచిన చోటు నుంచి కదిలినప్పుడు మొదలుపెట్టి, అవతల ఆగేదాకా లెక్కిస్తారు. రన్‌వే దాకా నేల మీద నడవాలి. పైకి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పూర్తి వేగం ఉండదు. శంషాబాద్ రన్‌వేలు తూర్పు–పడమరగా ఉన్నాయి కాబట్టి దక్షిణం నుంచి వచ్చే విమానం పక్కకు తిరిగి దిగాలి. ఎదురుగాలి గంటకు 50 కి.మీ. ఉంటే మరో నాలుగు నిమిషాలు పెరుగుతాయి.

మా ఇంట్లో దూరమంటే బస్సు చార్జీయే. డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే కాబట్టి, ఇంటర్వ్యూకి ఎట్లా వెళ్ళాలో చెప్పేవాళ్ళు ఇంట్లో లేరు. మనలో చాలామంది పరిస్థితి ఇదే. అందుకే మొత్తం లెక్క వేసుకోవాలి. విమానాశ్రయానికి రెండు గంటలు ముందు చేరాలి. దిగాక శంషాబాద్ నుంచి ఊళ్ళోకి గంట పైనే. గంట ప్రయాణం ఇంటి నుంచి చూస్తే నాలుగైదు గంటలు. రాత్రి బస్సు సుమారు ఎనిమిది గంటలు తీసుకున్నా, లాడ్జి ఖర్చు మిగిలిస్తుంది. పగలే వెళ్ళి పగలే తిరిగి రావలసినప్పుడు మాత్రం విమానం పనికొస్తుంది.

2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద దేశంలో మొదట ప్రారంభమైన మార్గాలలో మన కడప–హైదరాబాద్ ఒకటి. గంట ప్రయాణానికి సగం సీట్లకు 2,500 రూపాయల పరిమితి పెట్టారు. విమానం మనది కాదనుకోనక్కరలేదు, తొందరపడి అప్పు చేసీ ఎక్కనక్కరలేదు.

తమ్ముళ్ళూ, మీకొక లెక్క: తిరుపతి విమానాశ్రయం 13 డిగ్రీల 38 నిమిషాలు, 79 డిగ్రీల 33 నిమిషాలు. గన్నవరం 16 డిగ్రీల 32 నిమిషాలు, 80 డిగ్రీల 48 నిమిషాలు. సుమారు 350 కి.మీ. వస్తే మీ లెక్క సరైనదే!