పరాయి ఊళ్లో సొంత మైదానం

1992 ఏప్రిల్ 16. ఇస్తాంబుల్‌లోని అబ్ది ఇపెక్చి స్టేడియం. యూరప్ క్లబ్ బాస్కెట్‌బాల్ ఫైనల్. ఆట ముగియడానికి ఇంకా పది సెకన్లు కూడా లేవు. స్పెయిన్ క్లబ్ జువెంతుత్ బదలోనా ఆటగాడు తోమాస్ జొఫ్రేసా అప్పుడే బంతిని బాస్కెట్‌లో వేశాడు. స్కోరు 70-68. కప్పు స్పెయిన్‌దే అనుకున్నారంతా.

బెల్‌గ్రేడ్ జట్టు పార్టిజాన్ ఆటగాడు అలెగ్జాండర్ జార్జెవిచ్ ఒక్కడే ఆ మాట ఒప్పుకోలేదు. తమ బాస్కెట్ కింద బంతి అందుకుని కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తాడు. ముందు కాళ్లకు అడ్డంపడుతూ ప్రత్యర్థి. అప్పట్లో 6.25 మీటర్ల గీత బయటి నుంచి వేస్తే మూడు పాయింట్లు, లోపలి నుంచి వేస్తే రెండే. జార్జెవిచ్ గీత దాటలేదు. బయటి నుంచే గాల్లోకి లేచి, ఒళ్లు పక్కకు ఒరుగుతుండగానే బంతి విసిరేశాడు. అది నేరుగా వెళ్లి వలలో పడింది. పార్టిజాన్ 71, జువెంతుత్ 70.

అంతే! యూరప్‌కు కొత్త ఛాంపియన్ వచ్చేసింది. ఆ సీజన్ మొత్తంలో తన ఊళ్లో ఒకే ఒక్క యూరప్ మ్యాచ్ ఆడిన ఛాంపియన్!

ఊరు కాని ఊళ్లో...

1991లో యుగోస్లావియా ముక్కలవడం మొదలైంది. స్లొవేనియా, క్రొయేషియా స్వాతంత్య్రం ప్రకటించుకున్నాయి. వెనకే యుద్ధం వచ్చింది. అక్కడికి జట్లను పంపడం క్షేమం కాదని, ఆ దేశపు క్లబ్బులు తమ సొంత మ్యాచ్‌లు వేరే దేశంలో ఆడుకోవాలని అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య తేల్చేసింది. అప్పటికి యూరప్‌లో ఆ దేశానికి తిరుగులేదు. స్ప్లిట్ నగరం జట్టు 1989 నుంచి వరసగా మూడేళ్లు కప్పు ఎగరేసుకుపోయింది. అలాంటి స్ప్లిట్, జాగ్రెబ్ జట్టు సిబొనా, బెల్‌గ్రేడ్ పార్టిజాన్... మూడూ మూటాముల్లె సర్దుకుని స్పెయిన్ దారి పట్టాయి. ఇంటి దగ్గర ఒకరికొకరు శత్రువులైనవాళ్లు తలదాచుకున్నది మాత్రం ఒకే దేశంలో!

మన క్రికెట్ అభిమానులకు ఇది తెలియని సంగతేం కాదు. 2009లో లాహోర్‌లో శ్రీలంక జట్టుపై దాడి జరిగాక పాకిస్థాన్ ఏళ్ల తరబడి తన ‘సొంత’ టెస్టుల్ని ఎడారి నగరాల్లో, బోసిపోయిన గ్యాలరీల ముందు ఆడుకోవాల్సి వచ్చింది. పార్టిజాన్‌కు మాత్రం గ్యాలరీలు బోసిపోలేదు.

ఆ జట్టుకు చోటిచ్చింది ఫ్యూన్‌లాబ్రాడా. మాడ్రిడ్‌కు దక్షిణాన, పనికోసం వలస వచ్చిన కుటుంబాలతో చూస్తుండగానే పెరిగి పట్టణమైన ఊరు. పెద్ద క్లబ్బు లేదు. కొత్త ఇండోర్ స్టేడియం మాత్రం ఉంది. దానికి 1989లో కారు ప్రమాదంలో చనిపోయిన ఫెర్నాండో మార్టిన్ పేరు పెట్టుకున్నారు. అమెరికా ఎన్‌బీఏలో ఆడిన తొలి స్పెయిన్ ఆటగాడతను. స్టేడియం ఉండి జట్టు లేని ఊరు... జట్టుండి స్టేడియం లేని క్లబ్బు. రెండూ కలిశాయి. బెల్‌గ్రేడ్ నుంచి వచ్చే పొడుగు కుర్రాళ్ల కోసం ఊరు స్టేడియానికి కదిలింది. పేరు పలకడం కష్టమైనా గొంతు చించుకుని అరిచింది. ‘ఫ్యూన్‌లాబ్రాడా పార్టిజాన్’ అన్న పేరు స్థిరపడిపోయింది.

మొన్నటి సహచరుడే కోచ్

ఆ కుర్రాళ్లను నడిపించింది జెల్కో ఒబ్రాడోవిచ్. 1991 వేసవి దాకా అతనూ పార్టిజాన్ ఆటగాడే. యూరప్ ఛాంపియన్‌షిప్ కోసం జాతీయ జట్టు శిబిరంలో ఉండగా కోచ్ పదవి చేపట్టాలంటూ క్లబ్బు నుంచి పిలుపొచ్చింది. వయసు 31. అప్పటిదాకా ఎవరికీ కోచ్‌గా పనిచేసింది లేదు. అయినా ఆట వదిలేసి వచ్చేశాడు. తోడుగా సలహాదారుగా కూర్చున్నది పెద్దాయన అలెగ్జాండర్ నికొలిచ్. ఇటలీ క్లబ్ వరేసెకు 1970, 72, 73ల్లో ఇదే కప్పు గెలిపించిన ఘనుడాయన.

జట్టులో విదేశీయులు లేరు. జార్జెవిచ్‌కు 24 ఏళ్లు, ప్రెడ్రాగ్ డానిలోవిచ్‌కు 22, జెల్కో రెబ్రాచాకు ఇంకా ఇరవై. క్రొయేషియాలోని రియేకా నుంచి వచ్చిన ఇవో నాకిచ్ కూడా వాళ్లలో ఉన్నాడు. తన జాతివాళ్లు, తన సహచరుల జాతివాళ్లు తుపాకులు గురిపెట్టుకున్న ఏడాదిలో అతను బెల్‌గ్రేడ్ జెర్సీ వేసుకుని ఆడాడు.

గ్రూపు దశ గట్టెక్కి, క్వార్టర్‌ఫైనల్లో ఇటలీ జట్టు బొలోన్యాను ఎదుర్కొన్నారు. అందులో ఒక మ్యాచ్ బెల్‌గ్రేడ్‌లో ఆడుకోవడానికి అనుమతి దొరికింది. ఏడాది మొత్తానికి అదొక్కటే! ఆ గండం దాటాక సెమీస్‌లో మరో ఇటలీ జట్టు మిలాన్‌పై 82-75తో గెలిచి ఇస్తాంబుల్ ఫైనల్‌కు చేరారు.

ఫైనల్లో 25 పాయింట్లు చేసింది డానిలోవిచ్. ఉత్తమ ఆటగాడిగా నిలిచిందీ అతనే. చివరి షాట్ పుణ్యమా అని జార్జెవిచ్ పేరే జనానికి గుర్తుండిపోయింది గానీ, ఆ రాత్రి జట్టును మోసినవాడు అతను. డానిలోవిచ్ పుట్టింది సారాయెవోలో. ఫైనల్‌కు పదకొండు రోజుల ముందు, ఏప్రిల్ 5న ఆ నగరం ముట్టడి మొదలైంది. అది దాదాపు నాలుగేళ్లు సాగింది.

గెలిచినా పిలుపు లేదు

ఫైనల్ జరిగి ఏడు వారాలైనా కాలేదు. మే 30న ఐక్యరాజ్యసమితి యుగోస్లావియాపై ఆంక్షలు విధించింది. అందులో ఆటలూ ఉన్నాయి. బార్సిలోనా ఒలింపిక్స్‌లో యుగోస్లావియా బాస్కెట్‌బాల్ జట్టు లేదు. మరుసటి సీజన్ యూరప్ పోటీల్లో విజేత పార్టిజాన్ లేదు. కప్పును నిలబెట్టుకునే అవకాశమే ఇవ్వలేదు వాళ్లకు. ఓడిపోయి పోగొట్టుకుంటే ఆ బాధ వేరు!

జట్టు చెదిరింది. తమాషా ఏమిటంటే, తాము ఓడించినవాళ్లే వాళ్లను కొనుక్కుపోయారు. డానిలోవిచ్‌ను బొలోన్యా, జార్జెవిచ్‌ను మిలాన్ తీసుకున్నాయి. ఒబ్రాడోవిచ్‌ను పిలిచిందెవరో తెలుసా? చివరి సెకన్లలో అతని జట్టు చేతిలో కప్పు పోగొట్టుకున్న జువెంతుత్! 1994 ఫైనల్ టెల్ అవీవ్‌లో. ప్రత్యర్థి గ్రీసు జట్టు ఒలింపియాకోస్. ఆఖరి నిమిషంలో జువెంతుత్ ఆటగాడు కార్నీ థాంప్సన్ మూడు పాయింట్ల షాట్ వేశాడు. 59-57. జొఫ్రేసా చేతికి రెండేళ్లు ఆలస్యంగా కప్పు వచ్చింది.

ఒబ్రాడోవిచ్ ఆ తర్వాత రియల్ మాడ్రిడ్, పనాథినాయకోస్, ఫెనర్‌బాచెలతో కలిపి మొత్తం తొమ్మిది కప్పులు గెలిచాడు. మరే కోచ్‌కూ అన్ని లేవు. తొమ్మిదోది 2017లో మళ్లీ ఇస్తాంబుల్‌లోనే. ఇక ఫ్యూన్‌లాబ్రాడా సంగతి. పార్టిజాన్ వెళ్లిపోయాక ఆ ఊరి సొంత క్లబ్బు ఎదిగి, 1996లో స్పెయిన్ అగ్రశ్రేణి లీగ్‌లోకి అడుగుపెట్టింది. ఆడింది అదే ఫెర్నాండో మార్టిన్ స్టేడియంలో.