ఆట మళ్లీ వస్తుందట!

కొత్త సినిమా విడుదలవుతుందంటే నెల ముందునుంచీ గోడమీది పోస్టర్లు చూసి మురిసిపోయిన తరం మనది. రేడియోలో పాట వింటే చాలు, సగం సినిమా చూసినట్టే ఉండేది. మన పిల్లలకు ఆ సంబరం ఇప్పుడు ఫోనులో ఆడే ఆటలమీదికి మళ్లింది. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు ఒకేసారి కలిసి ఆడే ఆట రాబోతోందంటే వాళ్ల ఎదురుచూపులు, వాదనలు, అనుమానాలు ఇంతా అంతా కాదు. 2021 వేసవిలో మా గోపాలపూర్, బరంపురం తెలుగు ఇళ్లలో అలాంటి ఎదురుచూపు ఒకటి దగ్గరనుంచి చూశాను. చాలా ఏళ్లుగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి కనుక, ఆ పిల్లల్లో నాకు డిపాజిటుదారులే కనిపించారు. అదెలాగో చెబుతాను.

ముందు ఆట సంగతి. పబ్జీ పేరు వినని తల్లిదండ్రులు ఇప్పుడు అరుదు. నూరుమంది ఆటగాళ్లు విమానంలోంచి పారాచూట్లతో ఒక దీవిమీద దిగుతారు. దొరికిన ఆయుధాలు ఏరుకుంటారు. ఆడే చోటు అంతకంతకూ కుంచించుకుపోతుంది. చివరికి మిగిలిన మనిషి, లేదా మిగిలిన జట్టు గెలిచినట్టు. నలుగురు జట్టుగా ఆడవచ్చు, ఆడుతూ మాట్లాడుకోవచ్చు. కంప్యూటర్లమీద 2017లో, ఫోన్లలో 2018లో వచ్చింది. ఆట పుట్టింది దక్షిణ కొరియా కంపెనీలో. ఫోన్ ఆటను మన దేశంలో నడిపింది చైనాకు చెందిన టెన్సెంట్. 2020 జూన్‌లో గల్వాన్ లోయ ఘర్షణ తరవాత మన ప్రభుత్వం చైనా యాప్‌లను వరుసగా నిషేధించింది. సెప్టెంబరు 2న నిషేధించిన 118 యాప్‌లలో పబ్జీ ఒకటి. అక్టోబరు 30తో సర్వర్లు కూడా ఆగిపోయాయి.

పీడ విరగడైందని చాలామంది పెద్దలు ఊపిరి పీల్చుకున్నారు. గోపాలపూర్‌లో ఉండే మా అక్కయ్యగారి ఇంట్లోనూ అదే మాట. కాని మా మేనల్లుడి ముఖం చూస్తే వేరే సంగతి ఉందనిపించింది. వాడికప్పుడు పదహారేళ్లు. బడిలో ఇంగ్లీషు, వీధిలో ఒడియా. తెలుగంటే ఇంట్లో అమ్మతో నాలుగు ముక్కలు. వాడి జట్టులో మిగిలిన ముగ్గురిలో ఒకడు విశాఖపట్నంలో ఉన్న పెదనాన్న కొడుకు, ఒకడు ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో తెలుగు కుర్రాడు, ఇంకొకడు భిలాయిలో స్టీలు ప్లాంటు ఉద్యోగి కొడుకు. నలుగురికీ కలిసిన భాష తెలుగే. "మేడమీద ఉన్నాడు", "గోడ వెనక్కి రా", "ఆ పొదలో చూడరా" అంటూ గంటలతరబడి మాట్లాడుకునేవారు. పొద అంటే ఏమిటో మావాడు అక్కడే నేర్చుకున్నాడు. సర్వర్లు ఆగిన రోజున ఆ మాటలూ ఆగిపోయాయి. విశాఖ కుర్రాడు మరో ఆటలోకి వెళ్లాడు. భిలాయి అబ్బాయి ఫోను నంబరైనా వీడిదగ్గర లేదు. ఆటలో పెట్టుకున్న మారుపేరే తెలుసు!

అక్కడినుంచి ఎనిమిది నెలలు ఎదురుచూపులే. 2020 నవంబరు 12న భారతదేశం కోసమే ప్రత్యేకంగా ఆట తెస్తామని కొరియా కంపెనీ ప్రకటించింది. సంక్రాంతి వచ్చింది, వెళ్లింది, ఆట రాలేదు. 2021 జనవరి 26న బెంగుళూరు కంపెనీ తయారుచేసిన ఫౌజీ వచ్చింది. మనదేశపు ఆట అని పిల్లలు ఆశగా దించుకున్నారు. తీరా చూస్తే, మొదట్లో అందులో ఒక్కడే కూర్చుని ఆడుకునే కథ మాత్రమే ఉంది. జట్టుగా ఆడే వీలు లేదు. "నలుగురు లేకపోతే ఇంకేం ఆట మావయ్యా!" అన్నాడు మావాడు. చివరికి మే 6న బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అనే కొత్త పేరు ప్రకటించారు. మే 18న గూగుల్ ప్లేలో ముందస్తు నమోదు మొదలైంది. రెండు వారాల్లో 2 కోట్లమంది పేర్లిచ్చారని కంపెనీ చెప్పింది. విడుదల తేదీ మాత్రం చెప్పలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత మా బావగారు రోజుకు నాలుగుసార్లయినా అనేవారు.

అది కరోనా రెండో అల రోజులు. ఒడిశాలో లాక్‌డౌను. బళ్లు లేవు, పరీక్షలు లేవు. నేను పనికి వెళ్లివస్తూ అక్కయ్యగారింటి అరుగుమీద దూరంగా కూర్చుంటే, మావాడు ఆనాటి అనుమానాలన్నీ నా ముందు కుమ్మరించేవాడు.

మొదటి అనుమానం: పాత ఖాతా తిరిగి వస్తుందా? రెండేళ్లు ఆడి సంపాదించిన ర్యాంకు, పండుగ డబ్బులతో కొన్న దుస్తులు, తుపాకి రంగులు అన్నీ అందులోనే ఉన్నాయి. ఇది వింటుంటే 2020 మార్చి గుర్తొచ్చింది. మార్చి 5న యెస్ బ్యాంకుపై మారటోరియం విధించి, 50,000 రూపాయలకు మించి తియ్యరాదన్నారు. 18న ఎత్తేశారు. ఆ పదమూడు రోజులూ ఆ బ్యాంకుతో సంబంధం లేని మా ఖాతాదారులు కూడా "మన డబ్బుకి ఫరవాలేదా బాబూ?" అని అడిగి వెళ్లేవారు. డిపాజిటుదారుకి వడ్డీ గొడవ తరవాత. దాచుకున్నది ఉందా లేదా అన్నదే ముందు. పిల్లవాడి ప్రశ్నా అదే. తేడా ఒక్కటే. బ్యాంకు డిపాజిటుకి 5 లక్షల దాకా బీమా ఉంది. ఆటలో కొన్న కోటుకు ఏ బీమా లేదు.

రెండోది: అదే ఆటా, పేరు మార్చిన ఇంకో ఆటా? రక్తం ఎర్రగా కాక ఆకుపచ్చగా కనిపిస్తుందట, చంపడం అన్న మాట ఉండదట అని చెప్పుకున్నారు. పాము చావకుండా కర్ర విరగకుండా చేసిన ఏర్పాటని నేను నవ్వితే, "రంగు ఏదైతేనేం, ఆట అదే అయితే చాలు" అన్నాడు.

మూడోది పెద్దలది కూడా: మన వివరాలు ఎక్కడికి పోతాయి? మే నెలలోనే అరుణాచల్ శాసనసభ్యుడు ఒకరు ఈ ఆటను అనుమతించవద్దని ప్రధానికి లేఖ రాశారు. నిషేధించిన ఆటే వేషం మార్చుకొని వస్తోందన్నది ఆయన వాదన. వచ్చినా మళ్లీ తీసేస్తే? ఈ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఇక నాలుగోది అనుమతి. పద్దెనిమిదేళ్లు నిండనివారు తల్లి లేదా తండ్రి ఫోన్ నంబరు ఇవ్వాలని నిబంధన. అంటే బావగారు ఒప్పుకోవాలి. ఆయన నన్ను పిలిచి, "నువ్వు అప్పు కాగితాలు చదివేవాడివి కదా, ఇవీ చదివి చెప్పు" అన్నారు. చదివాను. వివరాలు భారత్, సింగపూర్ సర్వర్లలో ఉంచుతామని ఉంది. మైనర్లకు రోజుకు మూడు గంటలే ఆట. ఖర్చు రోజుకు 7,000 రూపాయలు మించకూడదు. అక్కడ ఆగాను. నెలకు లెక్కవేస్తే 2,10,000 రూపాయలు! మా ఊళ్లో పడవమీద వేటకు వెళ్లే కుటుంబానికి అది ఏ లెక్కలోది? కంపెనీ గీసిన గీత మన ఇంటి గీత కాలేదని బావగారితో అన్నాను.

ఆ రాత్రి అన్నాలయ్యాక ఇంట్లో ఒప్పందం కుదిరింది. ఫోనుకు బ్యాంకు ఖాతా తగిలించకూడదు. రోజుకు గంటన్నర. హెడ్‌ఫోన్లు పెట్టుకోకుండా హాల్లోనే ఆడాలి. మూడో షరతు అక్కయ్యది. మావాడు మారుమాట లేకుండా తలూపాడు.

జూన్ 17న కొద్దిమందికి ముందుగా తెరిచారు. పాత ఖాతాలోని సరుకు కొత్తదానిలోకి మార్చుకోవచ్చని అప్పుడు తెలిసింది. జులై 2న ఆండ్రాయిడ్ ఫోన్లున్న అందరికీ వచ్చింది. ఐఫోన్లవారు ఆగస్టు 18 దాకా ఆగాల్సివచ్చింది. మొదటి వారంలో 3 కోట్ల 40 లక్షలమంది చేరారని కంపెనీ ప్రకటించింది. నాకు కావలసిన లెక్క మాత్రం నాలుగే. వారం రోజుల్లో ముగ్గురు చేరారు. హాల్లోంచి "పడిపోయాను, లేపరా!" అన్న కేక విని మావాడి నాయనమ్మ కర్ర పట్టుకొని పరుగెత్తుకొచ్చింది. భిలాయి అబ్బాయి పండుగల ముందు ఒక సాయంత్రం పాత మారుపేరుతోనే ప్రత్యక్షమయ్యాడు. "ఎక్కడ చచ్చావురా ఇన్నాళ్లూ?" అని ముగ్గురూ ఒకేసారి అరిచారు. ఆ తిట్టంత తియ్యని తెలుగు ఆ ఇంట్లో చాన్నాళ్లుగా వినలేదని అక్కయ్య ఇప్పటికీ అంటుంది.

అయితే పిల్లల చివరి అనుమానం నిజమే అయింది. 2022 జులై 28న ఆటను మళ్లీ తొలగించారు. 2023 మే నెలలో మూడు నెలల పరిశీలనకంటూ తిరిగి అనుమతించారు. ఈ పది నెలల్లో ఏం జరిగిందన్నదే నాకు ముఖ్యం. మొదటిసారి ఆట ఆగినప్పుడు జట్టు చెదిరింది. రెండోసారి చెదరలేదు. ఎందుకంటే భిలాయి అబ్బాయి దొరికిన రోజునే నలుగురూ నంబర్లు, ఇళ్ల చిరునామాలు రాసుకున్నారు. ఖాతాకు నామినీ పేరు రాయించినట్టు, స్నేహానికి కూడా రెండో చోటు చూసుకున్నారు. ఆట లేని రోజుల్లో ఆదివారాలు ఫోనులో మాట్లాడుకున్నారు.

ఇప్పుడూ కొత్త ఆటలు వస్తూనే ఉన్నాయి. పుణే కంపెనీ తయారుచేసిన ఇండస్ కోసం పిల్లలు ఏళ్లతరబడి ఎదురుచూస్తే 2024 అక్టోబరులో వచ్చింది. డబ్బు పందెం ఆశ చూపే ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. కనుక మీ పిల్లవాడు ఫలానా ఆట వస్తోందని చెప్పినప్పుడు మొదట అది పందెమా, ఆటా అని అడగండి. డబ్బు గీత, గంటల గీత మీరే గీయండి. వదంతులుగా తిరిగే లింకులు నొక్కి ముందుగా దించుకోనివ్వకండి. ఆ తరవాత ఇంకొక్క ప్రశ్న మరచిపోవద్దు: "ఎవరితో ఆడతావు నాన్నా?"

ఊరు విడిచి వచ్చిన మనకు ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం. మన పిల్లలకు తెలుగు మాట్లాడేందుకు తోటివాళ్లు దొరకడమే కష్టం. ఆ తోడు ఒక్కోసారి మనం ఊహించని చోట దొరుకుతుంది. ఆట ఉండవచ్చు, పోవచ్చు. తోడు పోకుండా చూసుకోవడం పిల్లల చేతుల్లోనూ, మన చేతుల్లోనూ ఉంది.