ఫలక్‌నుమాలో ఒక్క రాత్రి: బుక్ చేసే ముందు ఈ లెక్క చూసుకోండి

మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడకు రైల్లో వెళ్లేవాళ్లకు ఫలక్‌నుమా స్టేషన్ తెలిసిందే. ఆ పేరున్న ప్యాలెస్ చార్మినార్‌కు సుమారు 5 కిలోమీటర్ల దూరంలో గుట్ట మీద ఉంది. 2010 నుంచి అది తాజ్ గ్రూపు నడిపే హోటల్. కొత్తగా నిఖా అయిన జంట కోసమో, అమ్మీ అబ్బాల పెళ్లిరోజుకో ‘ఒక్క రాత్రి అక్కడ ఉందాం’ అనుకునే కుటుంబాలు ముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

ఎవరు కట్టారు?

పాయ్‌గా నవాబు సర్ వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేశారు. నిర్మాణానికి దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. ఇంగ్లండ్‌లో విక్టోరియా రాణి పాలిస్తున్న కాలమది. అందుకే కట్టడంలో యూరప్ పద్ధతి కనిపిస్తుంది. ఖర్చు పెరిగి నవాబు అప్పుల్లో పడ్డారని, చివరికి ప్యాలెస్ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చిందని చెబుతారు. పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు ఆ నిజాం మీదనే వచ్చింది.

లోపల ఏముంది?

32 ఎకరాల ఆవరణ, తోటలు, 60 గదులు, స్పా. ఒకేసారి 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఉంది. లైబ్రరీలో పాత ఖురాన్ ప్రతులు ఉన్నాయి. మన వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. ఇక్కడ మాత్రం ప్యాలెస్ మొత్తం అతిథుల కోసమే.

బిల్లు ఎట్లా పెరుగుతుంది?

గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటితే జీఎస్టీ 18 శాతం. ఆలోపు ఉంటే 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమే. ఉదాహరణకు అద్దె 30,000 అనుకుంటే, పన్ను 5,400 కలిపి 35,400 అవుతుంది. ఇట్లాంటి పెద్ద హోటళ్లలో భోజనం మీద కూడా 18 శాతం పడుతుంది. స్పాకు సాధారణంగా వేరే బిల్లు. సర్వీస్ చార్జి మాత్రం కట్టి తీరాలన్న రూల్ లేదు. బిల్లులో దాన్ని వేస్తే తీసేయమని అడగవచ్చు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఇదే మాట చెప్పింది.

ముందే అడగాల్సినవి

పన్నుతో కలిపి మొత్తం ఎంత? నాష్తా అందులోనేనా? పిల్లలకు అదనపు మంచం ఖర్చెంత? క్యాన్సిల్ చేస్తే డబ్బు వాపసు వస్తుందా? మాంసం హలాలేనా, స్పాలో ఆడవాళ్లకు ఆడవాళ్లే ఉంటారా? ఇవి ఫోన్‌లో అడిగి ఊరుకోకుండా ఈమెయిల్‌లో జవాబు తీసుకోవడం మంచిది. జానమాజ్, ఖిబ్లా దిశ గురించి కూడా మొహమాటం లేకుండా అడగవచ్చు.

ఉండకుండానే చూడాలంటే

రాత్రి బస చేయనివాళ్లు ముందుగా బుక్ చేసుకుని సాయంత్రం టీకో, భోజనానికో వెళ్లవచ్చు. బుకింగ్ లేకుండా వెళ్తే గేటు దగ్గరే ఆగిపోవాల్సి వస్తుంది. నల్గొండ నుంచి వచ్చేవాళ్లు నార్కట్‌పల్లి, ఎల్బీనగర్ మీదుగా చేరుకోవచ్చు. నిజాముల దర్జా చూస్తే చాలనుకుంటే చార్మినార్ దగ్గరి చౌమహల్లా ప్యాలెస్‌ను మామూలు టికెట్‌తోనే చూడొచ్చు. శుక్రవారం మాత్రం సెలవు.

క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టి గది తీసుకుంటే, ఒక్క రాత్రి కోసం నెలల తరబడి వడ్డీ కట్టాల్సి వస్తుంది. కట్టిన నవాబుకే అప్పు తప్పలేదంటారు. చేతిలో డబ్బు కూడాకే గది బుక్ చేసుకోవాలి. అప్పటిదాకా కుటుంబమంతా ఒక సాయంత్రం టీకి వెళ్లొచ్చినా ప్యాలెస్ చూసినట్టే.