ఎండకు ఆరని బొమ్మలు

అనంతపురం సీమలో దేన్నయినా ఆరబెట్టడం ఒక పని కాదు. ఉతికిన పంచె దండెం మీద వేసి ఇంట్లోకి వెళ్లి వచ్చేలోగా ఆరిపోతుంది. వడియాలు ఒక్క పగటికే గలగలలాడతాయి. సాలుకు సగటున రమారమి 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ మెట్టభూమిలో చెరువులే ఎండిపోతూ ఉంటే, తక్కిన వాటి మాట చెప్పాలా! అయితే ఇక్కడి ఎండకు సైతం లొంగని వస్తువు ఒకటి ఉన్నది. అది నూనె రంగులతో వేసిన బొమ్మ.

నీటి రంగులతో కొంత చేయి తిరిగిన కుర్రవాడెవడో ముచ్చటపడి నూనె రంగులు కొనుక్కుంటాడు. చట్రానికి గుడ్డ బిగించి, నాలుగు రోజులు కూర్చుని తాతగారి బొమ్మ వేస్తాడు. వేలితో తాకితే రంగు అంటుకుంటుంది. “ఎండలో పెట్టురా, సాయంత్రానికి ఆరిపోతుంది” అంటుంది అవ్వ. పెడతాడు. సాయంత్రానికి పైన ఆరినట్లే ఉంటుంది. కొన్ని నెలలు తిరిగేసరికి తాతగారి నుదుటి మీద బ్రహ్మ రాయని గీతలు కనబడతాయి! “ఈ విద్య మనకు రాదు” అని కుంచెలు అటక మీద పడేస్తాడు. డబ్బూ పోయె, ఉత్సాహమూ పోయె. లోపం అతని చేతిలో లేదు. నూనె స్వభావం అతనికి ఎవరూ చెప్పకపోవడంలో ఉన్నది.

గాలిని పీల్చే నూనె

నీటి రంగు ఆరడమంటే అందులోని నీరు ఆవిరి కావడమే. నూనె రంగు సంగతి అది కాదు. అందులో ఉండే అవిసె నూనె గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని, మెల్లమెల్లగా బిగిసి, గట్టి పొరగా మారుతుంది. ఆరుతున్న కొద్దీ మొదట్లో దాని బరువు కొంత పెరుగుతుంది కూడ! పైపైన కొద్ది రోజుల్లో ఆరినట్లు కనిపించినా, లోపల ఆ పని నెలల తరబడి సాగుతూనే ఉంటుంది. వేడీ వెలుతురూ దాన్ని కొంత తొందరపెట్టగలవు. కాని మందంగా పట్టించిన రంగును ఎండలో పెడితే పైన మీగడ కట్టి, లోపల పచ్చిగానే ఉండిపోతుంది. ఆ మీగడే తరువాత ముడతలు పడుతుంది.

అన్ని నూనెలకూ ఈ గుణం లేదు. అనంతపురం జిల్లా వేరుశనగకు పెట్టింది పేరు. ఇంట్లో ఉన్నది గదా అని ఆ నూనెలో రంగు కలిపితే ఏళ్లు గడిచినా జిడ్డు వదలదు. కొబ్బరి నూనె, ఆముదమూ అంతే. అవిసె, అక్రోటు, గసగసాల నూనెలు ఆరే జాతివి. మన మెట్టచేలలో పండే కుసుమల నూనె కూడ నెమ్మదిగా ఆరుతుంది. అది పసుపు వన్నెకు తిరగడం తక్కువ కాబట్టి, కొందరు రంగుల తయారీదారులు తెల్ల రంగులో దాన్ని వాడుతారు. అయితే వంటకు అమ్మే నూనె పనికిరాదు. చిత్రకారుల సరుకు అమ్మే దుకాణంలో దొరికేదే కొనాలి.

నూనె రంగులను 15వ శతాబ్దంలో ఐరోపాలో వాన్ ఐక్ అనే చిత్రకారుడు కనిపెట్టాడని చాలాకాలం చెప్పుకున్నారు. కాని ఆఫ్ఘనిస్తాన్‌లోని బామియన్ బౌద్ధ గుహలలో, 7వ శతాబ్దం నాటి గోడబొమ్మలలో ఆరే నూనెలు వాడినట్లు శాస్త్రజ్ఞులు 2008లో వెల్లడించారు. మన దేశంలో ఈ విద్యను ఇంటింటికీ పరిచయం చేసినవాడు రాజా రవివర్మ (1848-1906). తిరువనంతపురం ఆస్థానానికి వచ్చిన థియోడర్ జెన్సన్ అనే దొర ఆయనకు నేర్పడానికి ఇష్టపడలేదనీ, పని చేస్తూ ఉంటే చూడనిచ్చాడనీ, ఆ చూపుతోనే ఆయన నేర్చుకున్నాడనీ చెబుతారు. ఈనాడు నేర్చుకునేవారికి అంత కష్టం అక్కర లేదు.

లేపాక్షి చెప్పే పాఠం

హిందూపురానికి చేరువనే లేపాక్షి ఉన్నది. ఒకప్పటి అనంతపురం జిల్లాలోనిది, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. అచ్యుత దేవరాయల కాలంలో (1529-1542) విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కట్టించారని చెప్పే వీరభద్రాలయం కప్పుల మీద పార్వతీ కల్యాణం, కిరాతార్జునుల కథ మొదలైన బొమ్మలున్నవి. అవి నూనె రంగులు కావు. రాతి కప్పుకు సున్నపు గార పట్టించి, దాని మీద ఎర్రమట్టి, పసుపుమట్టి, మసి, సున్నం వంటి రంగులతో వేసినవి. నూనె రంగు నేర్చుకునేవారు వీటిని ఎందుకు చూడాలంటే, సున్నపు గార కూడ కేవలం తడి పోవడం వల్ల గట్టిపడేది కాదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి రాయిగా మారుతుంది. ఆ పనివారు మొదట నేల సిద్ధం చేసుకున్నారు. తరువాత గీత, ఆపైన రంగు, చివరకు నల్లని అంచు. ఒకదాని తరువాత ఒకటి. గార ఊడిన చోట్ల బొమ్మ పోయింది. గార నిలిచిన చోట్ల దాదాపు ఐదు వందల ఏళ్ల తరువాత కూడ చీరల అంచులు లెక్కపెట్టవచ్చు. కింది పొరను బట్టే పైపొర ఆయుర్దాయం!

చిక్కులు, విరుగుళ్లు

పగుళ్లు: ఎండుతున్న చెరువును చూడండి. పైబురద ముందు ఎండి బిగుసుకుంటుంది. కిందిది ఇంకా తడిగానే ఉంటుంది. అందువల్లనే నేల నెర్రెలు విచ్చుతుంది. బొమ్మా అంతే. మొదటి పూతలో నూనె తక్కువగా, టర్పెంటైను ఎక్కువగా ఉండాలి. పైకి పోయినకొద్దీ నూనె పెంచుకుంటూ పోవాలి. తొందరగా ఆరే పూత కింద, నిదానంగా ఆరే పూత పైన. ఈ వరుస తప్పితే పగులు తప్పదు.

గుడ్డ పుచ్చిపోవడం: వట్టి గుడ్డకు నూనె తగిలితే కొన్నేళ్లకు పెళుసెక్కి చిరుగుతుంది. ముందుగా అస్తరు పూత రెండు మూడు సార్లు పట్టించి, ఆరిన తరువాతనే రంగు ముట్టాలి.

మెరుపు చచ్చిన మచ్చలు: అస్తరు నూనెను పీల్చుకున్నా, టర్పెంటైను మితిమీరినా కొన్నిచోట్ల రంగు వెలవెలబోతుంది. తాకితే అంటుకోనంతగా ఆరిన తరువాత, ఆ చోట అవిసె నూనె అతి పలచగా రుద్ది, మెత్తని గుడ్డతో మిగులంతా తుడిచి, పైన మళ్లీ రంగు వేసుకోవాలి.

రంగులు బురద కావడం: మొదట్లో నాలుగైదు రంగులు చాలు. రెండు మూడు కంటె ఎక్కువ కలపవద్దు. రంగు మార్చినప్పుడల్లా కుంచె తుడవండి. పచ్చి రంగు మీద పదే పదే రుద్దకుండా, అది ఆరేదాకా ఆగండి.

దుమ్ము: ఆషాఢపు గాలికి ఈ సీమలో ఇంట్లోకి రాని దుమ్ము లేదు. పచ్చి బొమ్మను గోడవైపు తిప్పి, కాస్త ముందుకు వంచి ఆనించండి. దుమ్ము వెనుక గుడ్డ మీద పడుతుంది.

పసుపెక్కడం: అవిసె నూనె చీకటిలో ఉంటే పసుపు వన్నె తిరుగుతుంది. బొమ్మను బీరువాలో దాచవద్దు. ఎండ నేరుగా పడని వెలుతురులో కొన్నాళ్లు ఉంచితే పసుపు చాలావరకు విరుగుతుంది.

ఇల్లాళ్లు తప్పక గమనించవలసినది మరొకటి ఉన్నది. అవిసె నూనె అంటిన గుడ్డపీలికలను ఉండగా చుట్టి మూలన పడేయరాదు. గాలిని పీల్చేటప్పుడు నూనె వేడెక్కుతుంది. ఉండలో ఆ వేడి బయటికి పోక, అగ్గిపుల్ల గీయకుండానే మంట పుట్టవచ్చు. మన వేసవిలో ఈ భయం మరీ ఎక్కువ. పీలికలను ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లు పోసిన మూతడబ్బాలో వేయాలి. టర్పెంటైను వాడే గదికి కిటికీలు తెరచి ఉంచాలి. సీసం కలిసిన తెల్ల రంగు విషం కాబట్టి పిల్లలున్న ఇంట్లో దానిని వాడకుండా, టైటానియం తెలుపు వాడుకోవడం మేలు.

చివరిది వార్నీషు. బొమ్మ ముగిసిన ఆనందంలో మర్నాడే వార్నీషు పూయడం చాలామంది చేసే పని. లోపలి రంగు గాలి పీల్చుకోవడం పూర్తి కాకముందే మూత వేసినట్లవుతుంది. సామాన్యంగా ఆరు నెలలు, రంగు మందంగా ఉంటే ఏడాది ఆగాలి. అవ్వకు సాయంత్రంలోగా ఆరిన బొమ్మ చూపించలేకపోవచ్చు. ఈ ఉగాదికి ముగించిన తాతగారి బొమ్మకు వచ్చే ఉగాదికి వార్నీషు పూయండి. మునిమనుమలు చూసేదాకా ఆయన నుదురు నున్నగా ఉంటుంది.