పన్నెండు పెన్నీల పింటు!

హైదరాబాద్‌లో పాతకాలం వాళ్లు నలుగురు కలిస్తే ఇరానీ చాయ్ ధర దగ్గర మొదలుపెడతారు. 'మా రోజుల్లో చాయ్ ఎంతో తెలుసా...' అంటూ సినిమా టికెట్టు మీదుగా బంగారం దాకా వెళ్లిపోతారు. ఇంగ్లండ్‌లో డెబ్బై దాటిన వాళ్లు కూర్చున్నా అదే వరస. కాకపోతే అక్కడ లెక్క చాయ్‌తో కాదు, పింటు బీరుతో! మొదటి జీతం, పెళ్లి, ఇల్లు కొన్న ఏడాది... ఏది చెప్పినా 'అప్పుడు పింటు ఇంత ఉండేది' అన్న మాట తోడు రావాల్సిందే.

పింటు అంటే 568 మిల్లీలీటర్లు. పబ్బు అంటే మనకు చెవులు చిల్లులుపడే సంగీతం, రంగురంగుల దీపాలు గుర్తొస్తాయి. అక్కడి పాత పబ్బు అది కాదు. వీధి చివర ఓ ఇల్లు, లోపల చలిమంట, నాలుగు బల్లలు. మన ఊళ్లో రచ్చబండ ఎలాగో అదీ అలాగే. తాగినా తాగకపోయినా ఊరి కబుర్లన్నీ అక్కడికే చేరతాయి.

చిల్లర మారిన రోజు

1971 ఫిబ్రవరి 15. బ్రిటన్‌లో డబ్బు లెక్క మారిన రోజు. అంతకుముందు 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. అంటే పౌండుకు 240 పెన్నీలు. ఆ రోజు నుంచి పౌండుకు వంద పెన్నీలే. అప్పట్లో పింటు ధర పదకొండు, పన్నెండు కొత్త పెన్నీలు. పాత లెక్కలో చెప్పాలంటే రెండు షిల్లింగుల అయిదు పెన్నీల దాకా అన్నమాట. అందుకే ఆ తరానికి తొలి పింటు ధర రెండు లెక్కల్లోనూ గుర్తుంటుంది.

వాళ్ల తాతలనడిగితే ఇంకా వెనక్కి వెళ్లేవారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు పింటు రెండు మూడు పాత పెన్నీలే. యుద్ధం ఖర్చుకోసం సర్కారు పన్ను పెంచుతూ పోయింది. 1920 నాటికి ధర రెట్టింపు దాటింది. ఆ తాతలూ 'మా రోజుల్లో...' అనే ఉంటారు!

గుమ్మం బయట నిమ్మసోడా

పబ్బుతో తొలి పరిచయం చాలామందికి బీరుతో కాదు. 1995 దాకా పద్నాలుగేళ్లలోపు పిల్లలను బారు గదిలోకి రానిచ్చేవారు కాదు. నాన్న లోపల ఉంటే పిల్లలు గుమ్మం బయటో, కారులోనో కూర్చునేవారు. చేతిలో నిమ్మసోడా, ఓ ఆలుచిప్స్ పొట్లం. ఆ పొట్లంలో నీలం కాగితంలో చుట్టిన ఉప్పు విడిగా ఉండేది. విప్పి, చల్లుకుని, పొట్లం ఊపి తినడం... అదో సరదా.

పద్దెనిమిదేళ్లు నిండితేనే మద్యం అమ్మాలన్నది 1923 నుంచి ఉన్న చట్టం. అయితే మీసం మొలిచిన కుర్రాణ్ని వయసు అడగని యజమానులకూ కొదవ లేదు. చాలా ఇళ్లలో కొడుకును తొలిసారి పబ్బుకు తీసుకెళ్లేది తండ్రే. 'ఇక వీడు పెద్దవాడయ్యాడు' అని నలుగురికీ చెప్పడం అన్నమాట.

లోపలా రెండు అంతస్తులుండేవి. పని బట్టలతో వచ్చే కార్మికులకు పబ్లిక్ బార్... ఉత్త చెక్క నేల, బాణాలాట. దొరబాబులకు తివాచీ పరిచిన సెలూన్ బార్. పీపా ఒకటే, బీరు ఒకటే. కానీ తివాచీ మీద కూర్చుంటే ధర ఓ పెన్నీ రెండు పెన్నీలు ఎక్కువ!

అక్కడ ఎవరికి వారు కొనుక్కోవడం మర్యాద కాదు. వంతులవారీగా ఒక్కొక్కరు అందరికీ కొనాలి. దీన్నే 'రౌండ్' అంటారు. అందరిదీ తాగి తన వంతు వచ్చేసరికి జారుకునేవాడి పేరు ఊరంతా పాకేది. 1915లో యుద్ధం పేరుతో ఈ రౌండ్లనే నిషేధించారు. పక్కవాడికి కొనిస్తే జరిమానా!

మధ్యాహ్నం తలుపులు మూయాలన్న నియమమూ ఆ యుద్ధం నాటిదే. ఆయుధ కర్మాగారాల్లో పనివాళ్లు తాగి పని చెడగొట్టకూడదని పెట్టారు. యుద్ధం 1918లో ముగిసింది. నియమం మాత్రం మరో డెబ్బై ఏళ్లు ఉంది! పబ్బులు రోజంతా తెరవచ్చని చట్టం వచ్చింది 1988లో.

డబ్బున్నా పోయనన్నారు

ఈ జ్ఞాపకాలన్నీ తీయనివి కావు. 1960ల్లో బర్మింగ్‌హామ్ పక్కనున్న స్మెథిక్‌కు పంజాబ్ నుంచి ఎందరో వెళ్లారు. ఇనుప ఫౌండ్రీల్లో తెల్లవాళ్ల పక్కనే చెమటోడ్చారు. సాయంత్రం పబ్బుకెళితే మాత్రం కొన్ని గదుల్లో వాళ్లకు చోటు లేదు. జేబులో డబ్బుంది, బల్ల ఖాళీగా ఉంది... అయినా పోయరు. కారణం, ఒంటి రంగు!

భారతీయ కార్మిక సంఘం నాయకుడు అవతార్ సింగ్ జౌల్ దీనిపై పోరాడారు. ఆ సంఘం పిలుపుతో 1965 ఫిబ్రవరి 12న అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ స్మెథిక్ వచ్చారు. 'బ్లూ గేట్స్' అనే పబ్బులో ఓ గదిలోకి వెళితే ఆయనకూ అదే అనుభవం. తొమ్మిది రోజుల తర్వాత న్యూయార్క్‌లో ఆయన హత్యకు గురయ్యారు. అదే ఏడాది నవంబర్‌లో బ్రిటన్ తొలి జాతి సంబంధాల చట్టం చేసింది. పబ్బుల్లాంటి బహిరంగ స్థలాల్లో రంగును బట్టి వివక్ష చూపడం చట్టవిరుద్ధమైంది.

తర్వాతి మలుపు మరీ బాగుంటుంది. ఒకప్పుడు గుమ్మం తొక్కనివ్వని ఆ ప్రాంతంలోనే పంజాబీలు ఒక్కో పబ్బునూ కొనడం మొదలుపెట్టారు. బీరు పక్కన తందూరీ చికెన్, కబాబ్‌లు వచ్చి చేరాయి. వాటినే ఇప్పుడు 'దేశీ పబ్బులు' అంటున్నారు. తెల్లవాళ్లూ కుటుంబాలతో వరుస కడుతున్నారు.

పన్నెండు పెన్నీలు ఇప్పుడెంత?

పింటు 1990 నాటికి పౌండు దాటింది. 2000 నాటికి రెండు పౌండ్ల దగ్గరికొచ్చింది. ఇప్పుడు అయిదు పౌండ్లకు అటూఇటూ. లండన్‌లో ఆరేడు పౌండ్లన్నా ఎవరూ ఆశ్చర్యపోరు.

జీతాలు పెరగలేదా అంటే పెరిగాయి. 1971లో కార్మికుడి వారం జీతం సుమారు 30 పౌండ్లు. ఆ డబ్బుకు 250 పింట్లు వచ్చేవి. 2024లో పూర్తికాలం ఉద్యోగి సగటున వారానికి 700 పౌండ్ల పైచిలుకు సంపాదించాడు. వచ్చేవి 150 పింట్లే! బీరు సుంకం, 20 శాతం వ్యాట్, అద్దె, కరెంటు, పనివాళ్ల జీతాలు... అన్నీ ఆ గ్లాసులోనే కలుస్తాయి. అదే బీరు సూపర్‌మార్కెట్లో చాలా చవక. దాంతో జనం డబ్బాలు కొనుక్కుని ఇంటికి చేరుతున్నారు.

ఫలితం... 1980లో 69 వేల దాకా ఉన్న పబ్బులు ఇప్పుడు 45 వేలకు పడిపోయాయి. తాగుడు తగ్గితే మంచిదే కదా అనిపిస్తుంది. నిజమే, మద్యం కూల్చిన కాపురాలు అక్కడా తక్కువేమీ కాదు. కానీ పబ్బు మూతపడితే పోయేది బీరొక్కటే కాదు. భార్య పోయిన ముసలాయన సాయంత్రం నాలుగు మాటలు మాట్లాడుకునే చోటూ పోతుంది. పల్లెల్లో అయితే అలాంటి చోటు మరొకటి ఉండదు.

అందుకే కొన్ని ఊళ్లు ఊరుకోలేదు. కంబ్రియాలోని హెస్కెట్ న్యూమార్కెట్ అనే పల్లెలో 'ఓల్డ్ క్రౌన్' పబ్బు ఉంది. 2003లో వందమందికి పైగా చందాలు వేసుకుని, సహకార సంఘంగా ఏర్పడి దాన్ని కొనేశారు. ఆ తర్వాత మరెన్నో పల్లెలు అదే దారి పట్టాయి.

పన్నెండు పెన్నీల పింటు ఎలాగూ తిరిగిరాదు. వాళ్లు కాపాడుకుంటున్నది 'మా రోజుల్లో...' అని చెప్పుకోవడానికి నలుగురు కలిసే ఆ బల్లను!